ఊపిరి బిగపట్టే ఆ 20 సెకన్లు



ఎమ్మారై గది గోడల లోపల రాగిరేకు పరిచి ఉంటుంది. తలుపు అంచులకూ రాగి పట్టీలే. టెక్నీషియన్ లోపలికి చూసే అద్దం కిటికీలో కూడా సన్నని లోహపు జాలీ ఉంటుంది. ఇంత కట్టుదిట్టం దేనికంటే, రేడియో తరంగాలు లోపలికి రాకుండా. మన ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రం దాదాపు 64 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. మీరు వినే ఎఫ్‌ఎం డయల్ 88 దగ్గర మొదలవుతుంది కదా, దానికి కాస్త దిగువన అన్నమాట. ఒంట్లోంచి తిరిగి వచ్చే సంకేతం చాలా బలహీనం. బయటి ప్రసారం ఏదైనా చొరబడితే అది బొమ్మను పాడుచేస్తుంది. స్కానింగ్ మధ్యలో తలుపు సరిగా పడకపోతే తెర మీద జిప్పు కుట్టినట్టు ఒక చుక్కల గీత వస్తుంది. అనుభవమున్న టెక్నీషియన్ ఆ గీతను చూసి యంత్రాన్ని అనుమానించడు, లేచి తలుపు చూస్తాడు.

కాబట్టి రేడియోలో ఎమ్మారై గురించి మాట్లాడుకోవడం మరీ పరాయి సంగతేం కాదు. అదీ ఒక రేడియోనే. పెద్ద అయస్కాంతంలో అమర్చిన ట్రాన్స్‌మిటరూ, రిసీవరూ. మనిషి ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్‌ను ఒక తరంగంతో కదిలించి, అది తిరిగి పలికే సంకేతాన్ని వింటుంది. ఈ పద్ధతితో మెదడునీ వెన్నెముకనీ చూడడం ఇప్పుడు మామూలైంది. కడుపులోని రక్తనాళాలను చూడడం మాత్రం చాలాకాలం కుదరలేదు. కుదిరిన వైనం, ఆ తర్వాత దాని వల్లే వచ్చిపడిన ఒక ఆపద, ఆ ఆపదను దాటిన తీరు ఈనాటి ప్రసంగ విషయం.

ముందు ఆ నాళాలెక్కడున్నాయో చూద్దాం. గుండె నుంచి బయల్దేరిన బృహద్ధమని ఛాతీ దాటి, వెన్నెముకను ఆనుకుని కడుపులోకి దిగి, దాదాపు బొడ్డు ఎత్తుకు వచ్చేసరికి రెండుగా చీలి కాళ్ల వైపు వెళ్తుంది. కడుపులో దాని పొడవు జానెడు కూడా ఉండదు. ఆ కొద్దిపాటి దూరంలోనే కాలేయానికీ జీర్ణాశయానికీ ప్లీహానికీ వెళ్లే కొమ్మ, పేగులకు వెళ్లే కొమ్మలు, రెండు కిడ్నీలకు చెరొకటి, అన్నీ పుట్టుకొస్తాయి. తిరుగు ప్రయాణం ఇంకా విచిత్రం. పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర అనే ఒకే దారిలో చేరి ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ వడపోత అయ్యాకే పెద్ద సిరలో కలిసి గుండె చేరుతుంది.

వీటిలో ఎక్కడ ఇరుకైనా మనిషికి కనిపించే లక్షణం ఇంకోచోట ఉంటుంది. కిడ్నీకి వెళ్లే ధమని సన్నబడితే, తనకు రక్తం సరిపోవడం లేదు కాబట్టి ఒంట్లోనే రక్తం తగ్గిపోయిందని ఆ కిడ్నీ పొరబడుతుంది. రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. ఫలితం అధిక రక్తపోటు. 3 రకాల మాత్రలు వేసుకున్నా బీపీ దిగని 25 ఏళ్ల మనిషి విషయంలో వైద్యులు మొదట అనుమానించేవాటిలో ఇదొకటి. పేగుల ధమని ఇరుకైతే తిన్న కాసేపటికి కడుపునొప్పి వస్తుంది. క్రమంగా తినాలంటేనే భయం పట్టుకుంటుంది. మనిషి చిక్కిపోతాడు. ఇలాంటివాళ్లు గ్యాస్ మాత్రలు మింగుతూ, ఎండోస్కోపీలు చేయించుకుంటూ నెలలు గడిపేయడం అరుదేమీ కాదు. కడుపును పైపైన ఎంత వెతికినా దొరకదు మరి, లోపం ఉన్నది దానికి నెత్తురు తెచ్చే గొట్టంలో.

రక్తనాళాలను బొమ్మగా చూడాలన్న కోరిక ఎక్స్‌రేతో పాటే పుట్టింది. రాంట్‌జెన్ తన కిరణాలను ప్రకటించిన నెల తిరక్కుండానే, 1896 జనవరిలో, వియన్నాలో హాషెక్, లిండెంతాల్ అనే ఇద్దరు ఒక తెగిన చేతి నాళాల్లోకి సుద్ద, ఇంగిలీకం, పెట్రోలియం కలిపిన ముద్దను ఎక్కించి ఫొటో తీశారు. 57 నిమిషాలు పట్టింది. బతికున్న మనిషికి అలాంటిది ఎక్కించే వీల్లేదు. బతికున్నవాళ్లలో దారి చూపింది లిస్బన్ నగరం. 1927లో ఎగాస్ మోనిజ్ అక్కడ మెదడు నాళాలను చూపించాడు. 1929లో అదే నగరంలో రేనాల్డో దోస్ సాంతోస్ రోగిని బోర్లా పడుకోబెట్టి, నడుము వెనక నుంచి పొడవాటి సూదిని నేరుగా బృహద్ధమనిలోకి దించి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించాడు. కడుపులోని ధమని తొలిసారి కనిపించింది అలాగే. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ సూది, తీగ, గొట్టం వాడి తొడ ధమని నుంచి పైకి వెళ్లే సులువైన దారి కనిపెట్టాడు. ఇప్పటికీ యాంజియోగ్రామ్‌ను ఎక్కువగా ఆ సూది, తీగ, గొట్టం పద్ధతిలోనే చేస్తారు.

దారి సులువైనా అది ధమనిలోకి చొరబడే పనే. పైగా ఎక్స్‌రే, పైగా అయోడిన్ మందు. చేతి సిరలో ఒక్క ఇంజెక్షన్‌తో, ఎక్స్‌రే లేకుండా కడుపు నాళాలన్నీ చూడగలమా అన్నది 1980ల చివర ఎమ్మారై చేసేవాళ్ల ముందున్న ప్రశ్న.

నిజానికి ఎమ్మారైకి మందు లేకుండానే కదిలే రక్తాన్ని పట్టుకునే ఉపాయాలు అప్పటికే ఉన్నాయి. స్కాన్ చేసే పలకలోకి, అంటే ఒంట్లో అప్పుడు చూస్తున్న పలుచని పొరలోకి, కొత్తగా దూసుకొచ్చే రక్తం అక్కడే ఉన్న కండ కంటే ప్రకాశంగా కనిపిస్తుంది. తలలో, మెడలో ఇది బాగా పనిచేసింది, ఎందుకంటే తల కదలదు. కడుపు అలా కాదు. ఊపిరితో కాలేయం, కిడ్నీలు పైకీ కిందికీ జరుగుతుంటాయి. పేగులు తమ మానాన తాము కదులుతుంటాయి. నాళాలు మెలికలు తిరిగి పలక వెంబడే పడుకుంటే, లోపలి రక్తం పలకలోనే ఎక్కువసేపు ఉండిపోయి మసకబారుతుంది. ఇరుకు ఉన్నచోట ప్రవాహం సుడులు తిరిగి సంకేతం పూర్తిగా పోతుంది. ఏ చోటును చూడాలని రోగిని పడుకోబెట్టారో సరిగ్గా ఆ చోటే బొమ్మలో ఖాళీ! సగం మూసుకున్న నాళం పూర్తిగా మూసుకున్నట్టు కనిపించేది.

ఈ చిక్కుముడిని విప్పింది గాడోలినియం. 1880లో స్విస్ రసాయన శాస్త్రవేత్త మరిన్యాక్ గుర్తించిన మూలకం ఇది. పేరు మాత్రం ఫిన్లాండ్‌కు చెందిన యోహాన్ గాడోలిన్‌ది. దీని ప్రత్యేకత ఏమిటంటే, అయాన్‌లో జత కుదరని ఎలక్ట్రాన్లు 7 ఉంటాయి. ఒక ఎలక్ట్రాన్ అయస్కాంత బలం హైడ్రోజన్ కేంద్రకం బలానికి సుమారు 658 రెట్లు. అలాంటివి ఏడు ఒకేచోట ఉంటే చుట్టుపక్కల నీటి అణువులు ప్రశాంతంగా ఉండలేవు.

ఆ ప్రభావాన్ని అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. రేడియో తరంగంతో కదిలించిన హైడ్రోజన్ మళ్లీ కుదుటపడడానికి కొంత వ్యవధి పడుతుంది. 1.5 టెస్లా యంత్రంలో రక్తానికి అది దాదాపు 1200 మిల్లీసెకన్లు. కొవ్వుకు 270 చాలు. వెంటవెంటనే తరంగాలు కొడుతూ పోతే, త్వరగా కుదుటపడేది ప్రతిసారీ గట్టిగా పలుకుతుంది, ఆలస్యంగా కుదుటపడేది నీరసిస్తుంది. అందుకే మామూలుగా కొవ్వు తెల్లగా, రక్తం నల్లగా కనిపిస్తాయి. గాడోలినియం తగినంత కలిస్తే రక్తం వ్యవధి 1200 నుంచి 100 కిందికి పడిపోతుంది. కొవ్వును మించిపోయి, బొమ్మ మొత్తంలో అదే తెల్లగా వెలుగుతుంది. రక్తం నిలిచి ఉందా, పరుగెత్తుతోందా, సుడులు తిరుగుతోందా అన్న బెడద కూడా చాలావరకు తీరిపోతుంది. ఇక్కడో చిన్న ముచ్చట. ఎక్స్‌రేలో అయోడిన్ తానే నీడ వేసి కనిపిస్తుంది. ఎమ్మారైలో గాడోలినియం ఎప్పుడూ కనిపించదు. కనిపించేదల్లా దాని పొరుగున ఉన్న నీళ్లు.

అయితే గాడోలినియం అయాన్ విషం. పరిమాణంలో కాల్షియంకు దగ్గరగా ఉండి, కాల్షియం చేయాల్సిన పనులకు అడ్డుపడుతుంది. అందుకే దాన్ని విడిగా ఎక్కించరు, ఒక కర్బన అణువులో బంధించి ఎక్కిస్తారు. బెర్లిన్‌లోని షెరింగ్ కంపెనీలో హాన్స్ యోఆకిమ్ వైన్‌మన్, ఆయన సహచరులు తయారుచేసిన అలాంటి మొదటి మందు మాగ్నెవిస్ట్ 1988లో అనుమతి పొందింది. అప్పట్లో దాన్ని వాడింది మెదడులో గడ్డలు వెతకడానికి. మందు ఎక్కించి, అది గడ్డలోకి ఇంకాక తీరిగ్గా స్కాన్ చేసేవాళ్లు. రక్తనాళాలకు ఈ తీరిక పనికిరాదు. మందు నిమిషాల్లోనే నాళాల గోడలు దాటి చుట్టూ ఉన్న కండలోకి జారిపోతుంది. అప్పుడు ధమనులు, సిరలు, కిడ్నీ, కాలేయం అన్నీ తెల్లబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

అమెరికాలో మార్టిన్ ప్రిన్స్ అనే యువ రేడియాలజిస్టుకు తట్టిన ఆలోచన వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మందు ఎక్కించాక స్కాన్ చేయడం ఎందుకు, ఎక్కిస్తుండగానే చేస్తే పోలేదా? అది సిరలకు పాకకముందే, ధమనుల్లో చిక్కగా ఉన్నప్పుడే బొమ్మ పట్టేయాలి. 1993, 94ల్లో ఆయన బృందం కడుపులోని బృహద్ధమని, కిడ్నీ ధమనుల బొమ్మలను ఈ పద్ధతిలో మూడు కొలతల్లో ప్రచురించింది. ఆ రోజుల్లో స్కాన్‌కు నిమిషాలు పట్టేది, రోగి మామూలుగానే ఊపిరి తీస్తుండేవాడు, మందు చుక్కచుక్కగా ఎక్కుతూ ఉండేది. మరికొన్నేళ్లకు యంత్రాల వేగం పెరిగింది. నిమిషాల పని 20 సెకన్ల చుట్టుపక్కలకు వచ్చింది. మనిషి ఊపిరి బిగపట్టగలిగే వ్యవధి అది. కడుపు నాళాల స్కానింగ్ అసలు గెలిచింది అక్కడ.

ఇక మిగిలింది వేళ. ఈ పరీక్షలో నేర్పంతా వేళ పట్టుకోవడంలోనే ఉంది.

ఎమ్మారై బొమ్మను ఫొటోలాగా నేరుగా తీయదు. ముందు రేడియో సంకేతాలతో ఒక పట్టిక నింపుకుంటుంది, తర్వాత గణితంతో దాన్ని బొమ్మగా మారుస్తుంది. ఆ పట్టికలో అన్ని గడుల విలువా ఒకటి కాదు. బొమ్మలో ఏది తెలుపు, ఏది నలుపు అన్నది ప్రధానంగా నడిమి గడులు తేలుస్తాయి. అంచు గడులు సన్నని వివరాలను ఇస్తాయి. అంటే 20 సెకన్ల స్కాన్‌లో నడిమి గడులు నిండే ఆ కొద్ది సెకన్లలో మందు ఏ నాళంలో చిక్కగా ఉందో ఆ నాళమే వెలుగుతుంది. ముందే తొందరపడితే? మందు ఇంకా చేరుతుండగానే నడిమి గడులు నిండిపోతే నాళం అంచులు తెల్లగా, మధ్య నల్లగా వస్తుంది. 1996లో జెఫ్రీ మేకీ బృందం దీన్ని వివరించింది. తెలియనివాళ్లు చూస్తే ధమని గోడ చీలిపోయిందని భయపడేలా ఉంటుంది ఆ బొమ్మ. ఆలస్యమైతే సిరలు వచ్చి ధమనుల మీద పడతాయి. కిడ్నీల దగ్గర ఈ గడువు మరీ తక్కువ. ధమనిలో లోపలికి పోయిన రక్తం కొద్ది సెకన్లలోనే సిరలోంచి బయటికొచ్చేస్తుంది.

మరి చేతి సిరలో ఎక్కించిన మందు కడుపు ధమనికి చేరడానికి ఎంతసేపు? ఒకరికి 15 సెకన్లు, ఇంకొకరికి 25. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు 40 దాటినా ఆశ్చర్యం లేదు. తూము ఎత్తితే చివరి మడికి నీళ్లు ఎప్పటికి చేరతాయో కాలువ తీరునుబట్టి రైతు లెక్క వేసుకున్నట్టే, ఇక్కడా ముందు 1, 2 మిల్లీలీటర్ల మందు ఎక్కించి అది ఎప్పుడు చేరుతుందో చూసుకుంటారు. 1997 ప్రాంతంలో ఇంకో దారి వచ్చింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో స్టీఫెన్ రీడరర్ బృందం, మందు వస్తుండగా తెర మీద ప్రత్యక్షంగా చూస్తూ, బృహద్ధమని వెలగగానే మీట నొక్కే పద్ధతి తెచ్చింది. విస్కాన్సిన్‌లో చార్లెస్ మిస్ట్రెటా బృందం అసలు వేళ పట్టుకునే గొడవే లేకుండా చేయాలని చూసింది. నడిమి గడులను పదేపదే నింపుతూ, కొద్ది సెకన్లకొక బొమ్మ చొప్పున వరసగా తీసుకుంటూ పోతే ధమనుల ఘట్టం, సిరల ఘట్టం రెండూ వాటంతటవే దొరుకుతాయన్నది వాళ్ల లెక్క. ఇప్పటి యంత్రాల్లో ఈ పద్ధతులన్నీ ఉన్నాయి. ఏది వాడాలన్నది ఆ స్కానింగ్ సెంటర్‌లో చేయి తిరిగిన పద్ధతిని బట్టి ఉంటుంది.

పరీక్ష ఎలా జరుగుతుందో చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. ఒంటి మీద నగలు, నడుముకున్న మొలతాడులో లోహపు బిళ్ల ఉంటే అదీ తీసేయమంటారు. చేతికి ఐవీ పెడతారు. పేగుల కదలిక తగ్గించే ఇంజెక్షన్ ఒక్కోసారి ఇస్తారు. మందు మోతాదు 60 కిలోల మనిషికి సాధారణ రకమైతే 12 మిల్లీలీటర్లు, గాఢత రెట్టింపు ఉన్నదైతే 6. సెకనుకు 2 మిల్లీలీటర్ల చొప్పున యంత్రమే ఎక్కిస్తుంది, వెనకే సెలైన్ తోస్తుంది. మొత్తం అరగంట లోపు పని. కానీ ఫలితాన్ని నిర్ణయించేది, గాలి తీసుకుని వదిలి బిగపట్టండి అన్న ఆ ఒక్క మాట. చాలా యంత్రాల్లో ఈ ఆదేశం ముందే రికార్డు చేసిన గొంతులో, ఇంగ్లిష్‌లోనో హిందీలోనో వస్తుంది. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ ఆ గొట్టంలో, ఆ టకటక చప్పుళ్ల మధ్య, అర్థంకాని గొంతు విని కంగారుపడి గాలి పీల్చేస్తే కోట్ల రూపాయల యంత్రం కూడా ఏమీ చేయలేదు. లోపలికి పంపే ముందు పక్కన నిలబడి, అమ్మా ఇలా బిగపట్టాలి అని తెలుగులో చెప్పి, ఒకటికి రెండుసార్లు చేయించే టెక్నీషియన్ ఉన్న చోట బొమ్మలు బాగుంటాయి. ఏ కొత్త సాఫ్ట్‌వేరూ ఆ పని ఇంత చవగ్గా చేయదు.

స్కాన్ అయ్యాక కంప్యూటర్ ఆ ముక్కలన్నిటినీ కలిపి, ఎటు తిప్పినా కనిపించే తెల్లటి కొమ్మల బొమ్మ కడుతుంది. రోగి చేతికొచ్చే ఫిల్ముల మీద ఉండేది అదే. చూడముచ్చటగా ఉంటుంది. అందుకే రేడియాలజిస్టులు దాన్ని పూర్తిగా నమ్మరు. ఆ బొమ్మ వెనకున్న సన్నని ముక్కలను ఒక్కొక్కటిగా చూస్తారు. కారణం ఉంది. ఈ పద్ధతికి ఇరుకును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించే గుణం ఉంది. నాళంలో లోహపు స్టెంటు ఉంటే అక్కడ సంకేతం పోయి, నాళం మూసుకున్నట్టే కనిపిస్తుంది. నాళాల గోడల్లో గట్టిపడిన సున్నం ఎమ్మారైలో దాదాపుగా కనిపించదు. ఒక రకంగా అది మేలే, సున్నం తెలుపు లోపలి దారిని కప్పేయదు. ఆపరేషన్ చేయబోయే సర్జన్‌కు మాత్రం ఆ సున్నం ఎక్కడుందో తెలియాలి, అప్పుడు సీటీ స్కాన్ వైపే మొగ్గుతాడు. నిజం చెప్పాలంటే రోజువారీ వైద్యంలో కడుపు నాళాలకు ఇవాళ ఎక్కువగా చేసేది సీటీయే. కొన్ని సెకన్లలో అయిపోతుంది, అర్ధరాత్రి అత్యవసరంలో చేతికందుతుంది.

ఎమ్మారై తన చోటు తాను నిలుపుకున్నది ఎవరి దగ్గరంటే, పదేపదే స్కాన్ కావాల్సిన చిన్న వయసువాళ్ల దగ్గర. ఎక్స్‌రే లేకపోవడం వాళ్లకు పెద్ద లాభం. టకయాసు వ్యాధి దీనికి మంచి ఉదాహరణ. 1908లో జపాన్‌లో మికితో టకయాసు అనే కంటి వైద్యుడు, 21 ఏళ్ల యువతి కంటి లోపలి నాళాలు వింతగా అల్లుకుని ఉన్నాయని సభలో వివరించాడు. అలాంటి రోగుల ముంజేతి నాడి అందడం లేదని మరో ఇద్దరు వైద్యులు తోడు పలికారు. బృహద్ధమని గోడ వాచి, క్రమంగా ఇరుకైపోయే జబ్బు అది. జపాన్‌లో మెడ, చేతుల నాళాలు ఎక్కువగా దెబ్బతింటే, మన దేశంలో కడుపులోని బృహద్ధమని, కిడ్నీ ధమనులు ఎక్కువగా దెబ్బతింటాయి. అందుకే మన దగ్గర ఇది తరచూ చిన్న వయసులో బీపీగా బయటపడుతుంది. ఏళ్ల తరబడి మందులు వాడుతూ, జబ్బు అణిగిందో లేదో మళ్లీ మళ్లీ చూసుకోవాలి. ఎమ్మారై లోపలి దారితో పాటు వాచిన గోడనూ చూపిస్తుంది. దారి ఇంకా ఇరుకు కాకముందే గోడ మందం చూసి జబ్బును పట్టుకోవచ్చు.

పిల్లల సంగతి ఇంకొకటి. మన దేశంలో ఏ ముందస్తు సూచనా లేకుండా రక్తం వాంతి చేసుకునే పిల్లల్లో ఒక ముఖ్య కారణం పోర్టల్ సిర మూసుకుపోవడం. కాలేయం బాగానే ఉంటుంది, దానికి వెళ్లే దారి మూసుకుంటుంది. రక్తం పక్కదారులు వెతుక్కుని, అన్నవాహిక చుట్టూ ఉబ్బిన సిరలుగా మారి, ఒకరోజు అవి పగులుతాయి. అలాంటి బిడ్డకు రక్తాన్ని కొత్త దారిలోకి మళ్లించే ఆపరేషన్ చేయాలంటే ఏ సిర తెరుచుకుని ఉంది, ఏది మూసుకుంది అనే పటం కావాలి. ధమనుల ఘట్టం దాటాక అర నిమిషం ఆగి మరోసారి ఊపిరి బిగపట్టిస్తే, ఈసారి పోర్టల్ సిర కుటుంబమంతా వెలుగుతుంది. కిడ్నీ దాతలకూ ఇలాంటి పటం కావాలి. కిడ్నీకి ఒకే ధమని ఉంటుందని బడి పుస్తకంలో బొమ్మ వేస్తారు గానీ, దాదాపు నలుగురిలో ఒకరికి అదనపు ధమని ఉంటుంది. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, తల్లులూ భార్యలూ. ఏ జబ్బూ లేని ఆ మనిషిని కోయబోయే ముందు ఆ అదనపు కొమ్మ సంగతి సర్జన్‌కు తెలిసి తీరాలి.

ఇక ఆపద కథ.

అయోడిన్ మందు దెబ్బతిన్న కిడ్నీలను మరింత దెబ్బతీస్తుందన్న భయం వైద్యుల్లో ఎప్పటి నుంచో ఉంది. గాడోలినియంతో ఆ ఇబ్బంది లేదని 1990ల మధ్యలో పరిశోధనలు వచ్చాయి. మార్టిన్ ప్రిన్స్ బృందం 1996లో ప్రచురించినది వాటిలో ఒకటి. దాంతో కిడ్నీ రోగులకు ఇదే క్షేమమనుకుని, సీటీకి బదులు వాళ్లను ఎమ్మారై యాంజియోగ్రామ్‌కు పంపడం మొదలైంది. బొమ్మ బాగా రావాలని మోతాదు రెట్టింపు, ఒక్కోసారి మూడింతలు కూడా వాడారు. 1997లో కాలిఫోర్నియాలో కొందరు డయాలసిస్ రోగుల చర్మం చెక్కలా గట్టిపడడం, కీళ్లు వంగకపోవడం వైద్యులు గమనించారు. 2000లో షాన్ కౌపర్ బృందం దీన్ని కొత్త జబ్బుగా వివరించింది. కొందరిలో అది గుండె, ఊపిరితిత్తుల దాకా పాకి ప్రాణం తీసింది. కారణం తెలియలేదు. 2006లో ఆస్ట్రియాలో థామస్ గ్రోబ్నర్ అనే కిడ్నీ వైద్యుడు తన రోగుల కాగితాలు తిరగేశాడు. గాడోలినియంతో ఎమ్మారై యాంజియోగ్రామ్ చేయించుకున్న 9 మంది డయాలసిస్ రోగుల్లో ఐదుగురికి ఈ జబ్బు వచ్చింది.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు ఈ మందును ఒక రోజులో దాదాపు పూర్తిగా మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు పనిచేయకపోతే అది రోజుల తరబడి ఒంట్లోనే తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు కొన్ని రకాల మందుల్లో కట్టు వదులై గాడోలినియం బయటపడుతుంది. కర్బన అణువు తెరిచిన గొలుసులా ఉంటే కట్టు బలహీనం, చుట్టూ మూసిన వలయంలా ఉంటే గట్టిది. అమెరికా ఔషధ సంస్థ 2006లో హెచ్చరించింది, 2007లో మందు పెట్టెల మీదే హెచ్చరిక ముద్రించమంది. కిడ్నీ పరీక్ష చూడకుండా మందు ఇవ్వడం ఆగింది. మోతాదులు తగ్గాయి. ఆ తర్వాత కొత్త కేసులు దాదాపు కనిపించకుండా పోయాయి. ఇంత వేగంగా వచ్చి, ఇంత వేగంగా వెనక్కి తగ్గిన మందుల ఆపదలు వైద్య చరిత్రలో ఎక్కువ లేవు. ప్రిన్స్ కూడా 2008లో ఈ జబ్బు మీదే పరిశోధన ప్రచురించాడు, ఎంత మోతాదుకు ఎంతమందికి వచ్చిందో లెక్కలు వేసి.

2014లో జపాన్‌లో టొమొనోరి కాండా బృందం ఇంకో సంగతి చెప్పింది. చాలాసార్లు గాడోలినియం తీసుకున్నవాళ్ల మెదడులో కొన్ని చోట్ల దాని ఆనవాలు మిగులుతోందని. దానివల్ల హాని జరుగుతున్నట్టు తేలలేదు. అయినా యూరప్ ఔషధ సంస్థ 2017లో గొలుసు రకం మందులను చాలావరకు పక్కన పెట్టింది, కాలేయ స్కాన్ల కోసం రెండింటిని మాత్రం ఉంచింది. వలయం రకం కొనసాగుతోంది. ఆ రకంతో కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు కూడా ప్రమాదం బహు స్వల్పమని ఇప్పుడు అమెరికాలోని రేడియాలజిస్టులు, కిడ్నీ వైద్యులు కలిసి చెబుతున్నారు.

ఈ కథ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వినేవాళ్లకు మరింత దగ్గరగా తగులుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టిందో అక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. చాలామందికి షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి. అలాంటి మనిషికి ఏ కారణం చేతనో కడుపు నాళాల స్కాన్ రాస్తే, సెంటర్‌లో అడగాల్సినవి రెండున్నాయి. నా కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చూశారా? ఎక్కించబోయేది వలయం రకం మందేనా? గర్భిణులైతే ముందే చెప్పాలి. ఒంట్లో పేస్‌మేకరో, పాత క్లిప్పో, మరేదైనా లోహమో ఉంటే అదీ చెప్పాలి. ఆ అయస్కాంతం భూమి అయస్కాంత బలానికి 30,000 రెట్లు ఉంటుంది, స్కాన్ నడవనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లిన ఒక యువకుడు, ఆ సిలిండర్‌తో సహా యంత్రంలోకి లాగబడి చనిపోయాడు. ఆయన రోగి కాదు, రోగికి తోడుగా వచ్చిన బంధువు.

గాడోలినియం లేకుండా చేయగలమా అన్న వెతుకులాట ఆగలేదు. కిడ్నీ రోగుల రక్తహీనతకు ఇచ్చే ఫెరుమోక్సిటాల్ అనే ఇనుము మందు, 2009లో అమెరికాలో అనుమతి పొందింది. అది నాళాల్లోనే గంటల తరబడి ఉండిపోతుంది కాబట్టి, వేళ పట్టుకునే తొందర లేకుండా తీరిగ్గా స్కాన్ చేయొచ్చు. కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో వాడుతున్నారు. అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు కనుక నెమ్మదిగా ఎక్కించి కనిపెట్టుకుని ఉంటారు. ఏ మందూ లేని పాత ఉపాయాలు కూడా కొత్త యంత్రాల్లో మెరుగుపడి తిరిగొచ్చాయి, ముఖ్యంగా కిడ్నీ ధమనులకు. ఒకప్పుడు ఊపిరి కదలికకు ఓడిపోయిన పద్ధతులు ఇప్పుడు ఊపిరిని కనిపెట్టుకుంటూ, అది నిలిచిన క్షణాల్లోనే సంకేతం తీసుకుంటున్నాయి.

మందు తగ్గించడానికి ఇంకో కారణం ఊహించని చోట దొరికింది. 1996లో బావు, డుల్స్కీ అనే జర్మన్ శాస్త్రవేత్తలు బెర్లిన్ చుట్టుపక్కల నదుల నీళ్లను పరీక్షిస్తే, ప్రకృతిలో ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ గాడోలినియం కనిపించింది. స్కాన్ చేయించుకున్నవాళ్ల మూత్రం నుంచి మురుగునీటిలోకి, మురుగు శుద్ధి కేంద్రాలకు చిక్కకుండా నదిలోకి వచ్చినదది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన గాడోపిక్లెనాల్ అనే వలయం రకం మందు సగం గాడోలినియంతోనే అదే పని చేస్తుంది. నదిలోకి పోయేదీ ఆ మేరకు సగమే.